ఆరు బర్రెల సగటు

బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ చెప్పే మేడంతో నాకు ఒకే ఒక్క విషయంలో పడలేదు. బోర్డు మీద గంట ఆకారం గీసి, "ఒక శాంపిల్ తీశాం, దాని సగటు కట్టాం. ఈ సగటుకి కూడా ఒక డిస్ట్రిబ్యూషన్ ఉంటుంది, దాన్నే శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటాం" అనేవారు ఆవిడ. నాకు ఒళ్ళు మండేది. తీసింది ఒక్క శాంపిల్, వచ్చింది ఒక్క అంకె. ఒక్క అంకె ఎక్కడైనా పరుచుకుంటుందా? ఒకే ఒక్క మనిషిని నిలబెట్టి వరసగా నిలబడమన్నట్టు ఉండేది.

ఒకరోజు లేచి అడిగేశాను. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు గానీ ఆవిడకి బస్సు టైమైంది. "మళ్ళీ మళ్ళీ శాంపిల్ తీస్తూ పోతున్నట్టు ఊహించుకోమ్మా. ప్రతిసారీ సగటు కొంచెం మారుతుంది కదా. ఆ సగటులన్నిటినీ ఒకచోట పోస్తే వచ్చే ఆకారమే ఇది" అని డస్టరు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. ఎవరూ తియ్యని శాంపిళ్ళని నేనెందుకు ఊహించుకోవాలి? ఊహించుకునే తీరిక ఉన్నవాళ్ళు ఊహించుకోవచ్చు. నేను తెల్లవారుజామున నాలుగింటికి పేడ ఎత్తాలి.

వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఎంత సబ్బు రుద్దినా మనిషిని పట్టుకుని ఉండే వాసన ఒకటి ఉంటుంది పాలవాళ్ళ ఇళ్ళల్లో. అది నాకు తెలిసేది కాదు, వాళ్ళకి తెలిసేది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు, అని ఉంటే నాలుగు మాటలు తిరిగి అనేసి ఊరుకునేదాన్ని. ఏమీ అనకుండా బెంచీ చివరికి జరిగి కూర్చునేవాళ్ళు. రెండేళ్ళు అట్లాగే గడిచిపోయాయి.

మా ఇల్లు హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు సందు చివర ఉండేది. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, కొట్టంలో ఆరు బర్రెలు. ఇంట్లో బాపు, నేను. అమ్మ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. అమ్మ ఉన్నప్పుడు ఆ ఇల్లు సరిపోయేది కాదు, ఒకరికొకరం అడ్డమొచ్చేవాళ్ళం. ఆమె పోయాక అవే రెండు గదులు ఎంత పెద్దవయ్యాయో చెప్పలేను. బాపు మాట్లాడే మనిషి కాదు. అమ్మే ఆయన మాటలు కూడా కలిపి మాట్లాడేది. ఇప్పుడు బర్రెలకి కుడితి పెట్టేటప్పుడు "హో, హో" అనడం తప్ప రోజంతా ఆయన గొంతు వినిపించేది కాదు.

ఆరింటిలో నాలుగు బర్రెలని బాపు పితికేవాడు. రెండు మాత్రం అమ్మ చేతికి అలవాటు పడ్డవి. వేరే ఎవరు కూర్చున్నా కాలు ఝాడించేవి, పాలు చేపేవి కావు. అమ్మ పోయిన మూడో రోజున వాటి బాధ చూడలేక ఆమె పాత చీర ఒకటి ఒంటికి చుట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. కాసేపు వాసన చూశాయి. తర్వాత చేపాయి. ఆ చీరని ఉతకొద్దన్నాడు బాపు. ఆ రోజు నుంచి ఆ రెండూ నావి.

పొద్దుటి పాలన్నీ ఒకే క్యాన్‌లో పోసి చార్మినార్ దారిలో ఉన్న ఒక చాయ్ హోటల్‌కి పంపేవాళ్ళం. మా తాత కాలం నుంచీ ఆ హోటల్ సేట్ మా దగ్గరే తీసుకునేవాడు. సాయంత్రం పాలు సందులో ఏడిళ్ళకి. సేట్ దగ్గర లాక్టోమీటర్ ఉండేది. పాలల్లో నిలబెడితే తేలే గాజుగొట్టం అది. పాలు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, నీళ్ళు కలిస్తే కిందికి మునుగుతుంది. గొట్టం మీద గీతలు చూసి ముప్పై అనో ఇరవై తొమ్మిది అనో చెబుతారు. మా పాలని ఆయన పెద్దగా చూసేవాడు కాదు, ఎప్పుడో ఒకసారి మర్యాదకి ముంచేవాడు.

స్టాటిస్టిక్స్ పరీక్షకి ముందు నాకు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరంతోనే రోజూ లేచి నా రెండు బర్రెలనీ పితికాను. జ్వరం తగ్గింది గానీ నీరసం వదల్లేదు. పరీక్ష రోజు కళ్ళు తెరిచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసి ఉంది. కంగారుగా కొట్టంలోకి పరుగెత్తాను. క్యాన్ అప్పటికే హోటల్‌కి వెళ్ళిపోయింది. "లేపలేదేంది బాపు?" అన్నాను. "వో, అయిపోయింది. నువ్వు సదువుకో పో" అన్నాడు. ఎంత సంతోషమేసిందో! ఏడాదిలో మొదటిసారి ఒకరు నా గురించి ఆలోచించారు అనుకున్నాను. తలంటుకుని, పేడ వాసన లేకుండా పరీక్షకి వెళ్ళాను.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. బట్టీ పట్టింది రాశాను. సిగ్మాని రూట్ ఎన్‌తో భాగించాలని రాశాను, ఎందుకో తెలియకుండానే.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో క్యాన్ ఉంది. మూత బిగించి ఉంది. ఎత్తబోతే కదల్లేదు, నిండుగా ఉంది. వెనక కొట్టంలో బాపు నా రెండు బర్రెల దగ్గర బకెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. "ఇవి పొద్దుగాల సరిగ సేపలే బిడ్డా" అన్నాడు నా వైపు చూడకుండా. క్యాన్ సంగతి అడిగాను. "వాపస్ అచ్చింది" అన్నాడు.

మిగతాది సందు చెప్పింది. సేట్ ఆ రోజు గొట్టం ముంచాడట. ఇరవై మూడు వచ్చిందట. రెండోసారి ముంచాడట, మళ్ళీ ఇరవై మూడే. ఏమీ అనకుండా మూత పెట్టించి, తన మనిషి చేత క్యాన్‌ని వెనక్కి పంపించాడు. పాలవాళ్ళకి అంతకంటే తిట్టు లేదు. నిండు క్యాన్ సందు మొదటి నుంచి చివరిదాకా నడిచి వస్తుంటే అరుగుల మీద వాళ్ళందరూ చూశారు. సాయంత్రానికి ఏడిళ్ళలో మూడిళ్ళు మానేశాయి. "రేపటి సంది వద్దులే" అన్నారు, కారణం చెప్పకుండా.

బాపు నీళ్ళు కలపడం ఏమిటి? కొలత చెంబు కడిగితే తడి ఆరేదాకా బోర్లించి ఉంచే మనిషి. నాకు అనుమానం రాలేదు, కోపం వచ్చింది. ఒక్కరోజు, ఒక్క గొట్టం, ఒక్క అంకె, అంతమాత్రానికి మనిషి పరువు తీసి వీధిలో నడిపిస్తారా? ఆయన నోరు విప్పి "నేను కలపలే" అని ఒక్కసారి అంటే బాగుండేది. అనలేదు. అభిమానంతో అనడం లేదనుకున్నాను. ఆయన అనకపోతే ఏం, నేను రుజువు చేస్తాను అనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. అన్నిటిలో పాసయ్యాను, స్టాటిస్టిక్స్‌లో తప్పాను. మళ్ళీ రాయడానికి నాలుగు నెలల గడువుంది. కాలేజీ లేదు, మాట్లాడ్డానికి మనిషి లేదు. ఘాన్సీ బజార్ వైపు గాజు సామాను అమ్మే దుకాణంలో ఒక లాక్టోమీటర్ కొనుక్కొచ్చాను. బాపు దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏంటికి?" అన్నాడు. "రోజూ కొలిచి రాసి పెడ్తా బాపు. మన పాలు ఎట్లుంటయో సేట్‌కు సూపిస్తా. ఒక్క దినం తక్కువొస్తె నీళ్ళు గలిపినట్టేనా? గట్లెట్ల అంటడు?" అన్నాను. ఆయన కుడితి బకెట్టు తీసుకుని బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏ బర్రె పాలు ఆ బర్రెవే వేరుగా కొలిచేదాన్ని. పాలు వెచ్చగా ఉంటే గొట్టం మునుగుతుందని చల్లారేదాకా ఆగేదాన్ని. తర్వాత అన్నీ క్యాన్‌లో పోసి, బాగా కలిపి క్యాన్‌ని కొలిచేదాన్ని. సేట్ మా పాలు మానేశాడు గనక వాటిని తోడుపెట్టి పెరుగు అమ్మేవాళ్ళం. నల్లది ఒకరోజు ఇరవై ఏడు, మర్నాడు ముప్పై ఒకటి. కొమ్ములు విరిగినది ముప్పై నాలుగు దాకా పోయేది. ఒకటి ఇరవై ఐదుకి దిగిన రోజు కూడా ఉంది, అది చూసి ఎగిరి గంతేశాను. నీళ్ళ చుక్క కలపకుండా ఇరవై ఐదు! మరి ఇరవై మూడెంత దూరం?

నలభై రోజులు రాశాను. బాపు ఒక్కరోజు కూడా వద్దనలేదు. నేను గొట్టం ముంచి వంగి చూస్తుంటే కొట్టం గుమ్మంలో నిలబడేవాడు. నేను అంకె పైకి చదివేదాన్ని. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. ఆ నలభై రోజుల్లో మా మధ్య నడిచిన మాటలు దాదాపు ఆ అంకెలే. తోడున్నట్టే ఉండేది, లేనట్టూ ఉండేది.

ఒక విషయం నన్ను గుచ్చేది. బర్రెలు ఒక్కొక్కటీ ఇరవై ఐదు నుంచి ముప్పై నాలుగు దాకా ఎగిరి దూకుతున్నాయి. క్యాన్ మాత్రం కదలడం లేదు. ముప్పై, ఇరవై తొమ్మిదిన్నర, ముప్పై ఒకటి, మళ్ళీ ముప్పై. నల్లది దిగిన రోజు కొమ్ములు విరిగినది ఎక్కుతుంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఆరూ ఒక్కరోజే కూడబలుక్కుని దిగవు కదా. ఆ మాట నాకు నేనే పైకి అనుకున్నాను, వినడానికి బర్రెలు తప్ప ఎవరూ లేరు.

అప్పుడు మేడం మాట గుర్తొచ్చింది. మళ్ళీ మళ్ళీ తీస్తున్నట్టు ఊహించుకో. నాకు ఊహించుకోవడం చేతకాదు, తియ్యడం చేతనవుతుంది. పాత పెళ్ళికార్డులు చింపి రెండువందల నలభై చీటీలు చేశాను. ఒక్కో చీటీ మీద ఒక్కో బర్రె ఒక్కో రోజు కొలత రాసి, ఖాళీ బియ్యం కుండలో పోశాను. కుండ తీసుకుని డాబా ఎక్కాను. పక్కన చింతగింజల డబ్బా పెట్టుకుని, గచ్చు మీద సుద్దతో ఇరవై నుంచి నలభై దాకా అంకెలు వరసగా గీశాను.

ఒక చీటీ తీయడం, అంకె రాసుకోవడం, చీటీని మళ్ళీ కుండలో వేసి కలపడం. అట్లా ఆరు. ఆరింటి సగటు కట్టి, ఆ అంకె దగ్గర ఒక చింతగింజ పెట్టడం. మళ్ళీ ఆరు, ఇంకో గింజ. మొదటి పది గింజలకి ఏమీ కనపడలేదు. ముప్పై గింజలకి మధ్యలో చిన్న గుట్టలాగా మొదలైంది. మూడు రోజులు, పొద్దుటి పని అయ్యాక మధ్యాహ్నం ఎండ దిగేదాకా, అదే పని. వందో గింజ పెట్టి లేచి నిలబడి చూశాను. ముప్పై దగ్గర పొడుగ్గా, అటూ ఇటూ తగ్గుతూ, ఇరవై ఎనిమిది దగ్గరా ముప్పై రెండు దగ్గరా నాలుగైదు గింజలతో ఆగిపోయింది. అది మేడం బోర్డు మీద గీసిన గంట. నా గచ్చు మీద, నా బర్రెల పాలతో వచ్చింది.

ఒక్క సగటు పరుచుకోదు. వచ్చి ఉండగలిగిన సగటులు పరుచుకుంటాయి, చేతికొచ్చిన ఒక్కటి వాటిలో ఒక గింజ. విడివిడి బర్రెలు పరుచుకున్నంత దూరం ఆరింటి సగటు ఎందుకు పరుచుకోదో కూడా కళ్ళ ముందే ఉంది. లెక్క కట్టి చూశాను. బర్రెల స్టాండర్డ్ డీవియేషన్ రెండున్నరకి కాస్త తక్కువ. రూట్ ఆరు దాదాపు రెండున్నర. భాగిస్తే ఒకటి. గింజల గుట్టకి విడిగా కట్టినా ఒకటే వచ్చింది. ఆ రూట్ ఎన్ మీద నాకున్న పగంతా పోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పిలిచి చూపించడానికి ఎవరైనా ఉంటే బాగుండునని చుట్టూ చూశాను. పక్క డాబా మీద ఎవరిదో దుప్పటి ఆరుతోంది.

ఆ సంతోషంలోనే సేట్ అంకెకి కూడా ఒక గింజ పెడదామని తీశాను.

ఇరవై మూడు సుద్దగీతల్లో ఎక్కడో చివర ఉంది. గుట్ట దగ్గర నుంచి లేచి రెండడుగులు నడవాల్సి వచ్చింది. గింజ పెట్టి వెనక్కి తిరిగి చూస్తే మధ్యనంతా ఖాళీ గచ్చు. ముప్పైకి ఇరవై మూడు ఏడు దూరం. వంద సార్లలో ఒక్క గింజ కూడా రెండున్నర దూరం దాటలేదు. ఒక్క బర్రె ఇరవై ఐదుకి దిగిందని నేను గంతులేసింది ఉత్తి తెలివితక్కువతనం. క్యాన్ ఒక బర్రె కాదు, ఆరు. గ్రహచారం కొద్దీ వచ్చే అంకె కాదది.

అయినా ఊరుకోలేదు. సేట్ పాలు కలపకుండా పైన మీగడలో ముంచి ఉంటాడు అనుకున్నాను. మర్నాడు కలపకుండా ముంచి చూశాను, ఒకటిన్నర తగ్గింది. వెచ్చటి పాలల్లో ముంచి చూశాను, ఇంకో ఒకటిన్నర. రెండూ కలిపినా ఇరవై ఏడు. ఇరవై మూడుకి చేరడం లేదు. ఇక మిగిలింది నీళ్ళే. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను కలపలేదు.

ఆ రోజంతా బాపు మొహం చూడలేకపోయాను. ఆయన మీది నింద కడిగేద్దామని మొదలుపెట్టిన లెక్క ఆయన మీదికే వేలు చూపించింది. ఈ సంగతి నాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. సందంతా అనుమానపడింది గానీ ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. అమ్మ పోయిన రోజున కూడా నేనంత ఒంటరిదాన్ని కాలేదు, అప్పుడు పక్కన బాపు ఉన్నాడు.

గింజలు ఏరుదామని డాబా ఎక్కితే పక్కింటి ఖాలా మేడమీది కిటికీలోంచి పలకరించింది. పెద్దావిడ, ఒంటరిగా కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషి. ఆమె కిటికీ సరిగ్గా మా కొట్టం మీదికి ఉంటుంది. మా దగ్గర పాలు మానెయ్యని నాలుగిళ్ళలో ఆమె ఇల్లు ఒకటి.

"క్యా కర్‌రీ బేటీ, మూడు దినాల సంది? చింతగింజల ఖేల్ ఖేల్‌రీ?"

"ఆట కాదు ఖాలా, లెక్క. క్యాన్ వాపస్ అచ్చిన లెక్క."

ఆమె మిషన్ ఆపింది. దారం తెంపింది. "ఆ దినం నువ్వు బుఖార్ల పన్నవ్ గదా. మీ బాపు చానా కోషిష్ చేసిండు బేటీ. ఆ రెండు భైంసు దగ్గర కూసుంటడు, అవి తంతయ్. మళ్ళ కూసుంటడు. ఆఖరికి మీ అమ్మ సాడీ తెచ్చిండు. నెత్తిమీదికెల్లి కప్పుకొని కూసున్నడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. అప్పుడు గూడ అవి పాలియ్యలే. మధ్యాహ్నం దాక అవి ఒకటే అరుసుడు. మై కిసీకు నై బోలీ, ఎవ్వరికి చెప్పలే."

నేను కింద కూర్చుండిపోయాను. ఆ రెండు బర్రెలూ కలిపి ఇచ్చేది క్యాన్‌లో ఇంచుమించు నాలుగో వంతు. ముప్పైలో నాలుగో వంతు తీసేస్తే ఇరవై రెండున్నర. సేట్ గొట్టం చూపించింది సరిగ్గా నేను పితకాల్సిన పాలంత నీళ్ళు. నేను పడుకున్నంత నీళ్ళు.

సాయంత్రం పాలు పోసి వచ్చాక బాపు గుమ్మంలో కూర్చుని బీడీ ముట్టించాడు. నేను నోటుబుక్కు దాచాలని అటక వైపు చూస్తున్నాను.

"లెక్క అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది."

"ఏం తేలింది?"

ముందే అనుకుని పెట్టుకున్న మాట అనేశాను. "ఏం లేదు బాపు. ఒక్కొక్క దినం గట్ల తక్కువొస్తది. మా పుస్తకంల గూడ రాసుంది. అన్ని బర్రెలు ఒక్క దినమే తగ్గినయ్, అంతే. సేట్ దగ్గరికి పోయి నేనే చెప్తా."

ఆయన బీడీ తీసి పక్కన పెట్టాడు. నా మొహంలోకి సూటిగా చూశాడు, ఆ క్యాన్ వాపస్ వచ్చినప్పటి నుంచీ మొదటిసారి.

"నేనొక్కనాడు మోసం చేసిన. మల్ల నువ్వెందుకు మొదలువెడ్తున్నవ్?"

నేను నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు దినాం కొలుస్తుంటె అనుకున్న, ఇయ్యాల తెలుస్తది, రేపు తెలుస్తదని. నా నోటికెల్లి చెప్పనీకె ధైర్యం చాలలే. నీ లెక్కనే చెప్పాలని సూసిన."

"నన్ను లేపితే అయిపోతుండె గద బాపు!" అని అరిచాను. ఏడుస్తూ అరిచాను. "లేపనీకేమైంది నీకు?"

"రెండు సార్లు అచ్చిన లేపనీకె. మంచిగ పన్నవ్. మీ అమ్మ పోయినంక నువ్వు గట్ల పన్నది నేను సూడలే." ఆగాడు. "సేట్ ముందుదినమే చెప్పి పంపిండు, రేపు క్యాన్ నిండుగ గావాలని. తక్కువున్నయని చెప్పబుద్ధి కాలే. మా బాపు కాలం సంది ఎన్నడు చెప్పలే. నల్లా తిప్పి నీళ్ళకింద క్యాన్ వెట్టిన."

ఆయన నన్ను క్షమించమని అడగలేదు, నేను ఆయన్ని ఓదార్చలేదు. అట్లాంటివి మా ఇంట్లో అమ్మ చేసే పనులు, మాకు రావు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన ధోవతి కట్టుకుని బాపు ఒక్కడే హోటల్‌కి వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. గల్లా దగ్గర, చాయ్ తాగుతున్న వాళ్ళందరి ముందూ, ఆ రోజు నీళ్ళు తనే పోశానని చెప్పాడట. సేట్ కుర్చీ వేయించి చాయ్ తాగించాడు. పాలు మాత్రం మళ్ళీ తీసుకోలేదు. అప్పటికే మలక్‌పేట నుంచి వచ్చే వేరొకతనికి మాటిచ్చేశాడు. ఈ కబురు సందులోకి బాపు కంటే ముందే వచ్చింది. మానేసిన మూడిళ్ళలో రెండు తిరిగి వచ్చాయి. ఒకటి రాలేదు. అప్పటి నుంచి పొద్దుటి పాలు కూడా ఇళ్ళకే పోసేవాళ్ళం.

పరీక్షలో మళ్ళీ ఆ ప్రశ్నే ఇస్తారని ఆశపడ్డాను. ఇచ్చారు కూడా. పుస్తకంలో మాటలు వాడకుండా రాశాను. కుండ, చీటీలు, గింజలు, ఆరు బర్రెలు, అన్నీ రాశాను. దిద్దినవాళ్ళు నవ్వుకుని ఉంటారు, మార్కులు మాత్రం బాగానే వేశారు. ఇరవై మూడు సంగతి రాయలేదు.

ఆ పరీక్ష రోజు పొద్దున బాపు నన్ను నాలుగింటికే లేపాడు. భుజం పట్టి ఊపి మరీ లేపాడు. ఇద్దరం కలిసి ఆరింటినీ పితికాం. అందులో ఒకటి వట్టిపోవడానికి వస్తోంది, సగం కూడా ఇవ్వలేదు. అన్నీ పోసి చూస్తే ఒక ఇంటికి సరిపడా తక్కువ పడ్డాయి. బాపు క్యాన్‌లోకి చూశాడు. నల్లా వైపు చూశాడో లేదో నాకు తెలియదు, నేను కావాలని తల తిప్పుకున్నాను. తర్వాత చెప్పులేసుకుని సందులోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ ఇంటి ముందు ఆగి, లోపలి వాళ్ళకి వినిపించేట్టు, "ఇయ్యాల మీకు పాలు లెవ్వమ్మా, తక్కువ వడ్డయ్" అన్నాడు. నాకు బుద్ధి తెలిశాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.